రన్‌కి 645 అర్థాలా, ఒకటేనా? మావయ్యకీ మేనకోడలికీ వాదన

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ళు కొత్త ఎడిషన్ కోసం రన్ అనే క్రియని మళ్ళీ మొదట్నుంచీ రాస్తే 2011 నాటికి దానికి 645 అర్థాలు తేలాయి. అంతకుముందు 1989 ఎడిషన్‌లో ఎక్కువ అర్థాల రికార్డు సెట్ అనే క్రియది, 430. మధ్యలో 2000లో మేక్, 2007లో పుట్ పైకొచ్చి మళ్ళీ వెనకబడ్డాయి. ఈ 645 అనే లెక్క మీదే ఇద్దరూ పట్టుకున్నారు. మావయ్య గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరైన మనిషి, కోడలు విజయవాడలో, యూకే, ఐర్లాండ్ వెళ్ళే నర్సులకి ఓఈటీ అనే, వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష కోసం పాఠాలు చెప్తుంది. నేను ఎటు మొగ్గుతానో మధ్యలో చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు.

మావయ్య: 645 అంటే ఎవడికైనా గుండె జారిపోతుందమ్మా. పిల్లలు ఇంగ్లీష్ అంటే పారిపోయేది ఇలాంటి లెక్కలు విన్నాకే. డిక్షనరీ రాసేవాళ్ళ పనే విడదీయడం, పీటర్ గిల్లివర్ అని ఒకాయన ఆ ఒక్క మాట మీదే దాదాపు తొమ్మిది నెలలు పనిచేశాడు, అంతకాలం ఒకే మాటని చూస్తూ కూర్చుంటే ప్రతి వాడుకా వేరే అర్థంలాగే కనిపిస్తుంది మరి. మాట్లాడేవాడి బుర్రలో అన్ని లేవు, ఉన్నది ఒకటే. ఆగకుండా ముందుకి పోవడం. మనిషి పోతే పరుగు, నీళ్ళు పోతే పారడం, ముక్కులోంచి పోతే కారడం, ఉతికినప్పుడు ఎర్రచీర రంగు తెల్లచీరకి పట్టిందనుకో అదీ రన్నే, ఇంజన్ ఆగకుండా తిరిగితే రన్, కంపెనీ ఆగకుండా చూసుకునేవాడు దాన్ని రన్ చేస్తున్నట్టు. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

కోడలు: వినడానికి బానే ఉంది మావయ్యా, కానీ మా వాళ్ళకి ఇది చెప్పి వార్డులోకి పంపితే ఏమవుద్దో చూడండి. అక్కడ ఒక పెద్దాయన 'ఐ హావ్ బీన్ ఫీలింగ్ ఎ బిట్ రన్ డౌన్' అంటాడు. మీ ఆగకుండా ముందుకి పోవడం పట్టుకుని దీనికి అర్థం చెప్పండి. మా క్లాసులో ఒకమ్మాయి ఆయన్ని బండి గుద్దేసిందనుకుంది, ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి కూడా లేదు, ఎందుకంటే రన్ డౌన్‌కి బండి గుద్దడం అనే అర్థం కూడా నిజంగానే ఉంది. ఆయన చెప్పిందేమో ఈ మధ్య ఒంట్లో ఓపిక ఉండట్లేదని. పక్క మంచం మీదావిడ 'ఐ హావ్ గాట్ ద రన్స్' అంటుంది, అంటే విరేచనాలు. డాక్టరు వచ్చి 'రన్ ఇట్ ఓవర్ ఫోర్ అవర్స్' అంటాడు, సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కేట్టు పెట్టమని. 'షీ ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్', జ్వరం. 'డస్ ఇట్ రన్ ఇన్ ద ఫ్యామిలీ', ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని. 'వి హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్లవ్స్', గ్లవ్స్ అయిపోయాయని. ఇవన్నీ ఒక్క షిఫ్టులోనే వినపడతాయి, వీటిలో ఒక్కటి తప్పుగా అర్థమైతే నష్టపోయేది పేషెంటు.

మావయ్య: అన్నిటికీ ముడి ఉందమ్మా. విరేచనాలు కారడమే కదా. సెలైన్ పారడమే. షుగర్ జబ్బు తాత నుంచి తండ్రికీ తండ్రి నుంచి కొడుక్కీ పారుతూ వస్తోంది. గ్లవ్స్ ఒకటొకటి పోతూ పోతూ చివరికి వచ్చాయి.

కోడలు: తెలిశాక ముడి పెట్టడం వేరు మావయ్యా, తెలియకముందే ఊహించడం వేరు. మీకు అర్థం ముందే తెలుసు, వెనక్కి తిరిగి దారి గీస్తున్నారు. తెలియనివాళ్ళకి ఆ దారి ఎటు పోతుందో ఎలా తెలుస్తుంది? ఒకటి చెప్పండి, అమెరికాలో ఎలక్షన్లో పోటీ చేస్తే రన్, అదే పోటీ ఇంగ్లండ్‌లో చేస్తే స్టాండ్. ఒకళ్ళు పరిగెడుతున్నారు, ఒకళ్ళు నిలబడుతున్నారు, చేసే పని ఒకటే. ఆడవాళ్ళ స్టాకింగ్‌లో పోగు లేచి చీలిక వస్తే అమెరికా వాళ్ళకి అది రన్, ఇంగ్లండ్ వాళ్ళకి నిచ్చెన. మీ మూలార్థం రెండు దేశాల్లోనూ ఒకటే కదా, అదే గనక అర్థాల్ని పుట్టిస్తుంటే రెండు చోట్లా ఒకేలా పుట్టాలి. పుట్టలేదు. జనం అలా అనడం మొదలుపెట్టారు, అది నిలబడింది, అంతే.

(ఇక్కడిదాకా నేను పూర్తిగా కోడలి పక్షం. తెలిశాక ముడి పెట్టడం అన్న మాటకి మావయ్య దగ్గర సూటి జవాబు లేదు, ఆయన వేరే వైపు నుంచి వచ్చాడు.)

మావయ్య: సరే, తెలుగులో చూద్దాం. కొట్టడం అనే మాట. బోరు కొట్టింది, ఎండ కొట్టింది, ఈల కొట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, మందు కొట్టాడు, ఫోన్ కొట్టు, హారన్ కొట్టు, వాసన కొడుతోంది, లాటరీ కొట్టాడు, కాపీ కొట్టాడు. బళ్ళో వెయ్యని పిల్లాడు కూడా వీటిలో సగం తడుముకోకుండా వాడతాడు. వాడికి డిక్షనరీ ఎవరిచ్చారు? లోపల ఒక మూలార్థం లేకుండా అంత చిన్న బుర్రలో ఇన్ని ఎలా పడతాయి?

కోడలు: మూలార్థం వల్ల కాదు, వాళ్ళమ్మ బోర్ కొడుతోంది అనడం విన్నాడు, వాళ్ళ నాన్న హారన్ కొట్టడం చూశాడు, ఒక్కోటీ ఒక్కో చోట ఒక్కో మనిషి నోట దొరికింది. మూలార్థం నుంచి లాక్కొచ్చేవాడైతే డోలు కొట్టాడు అన్నట్టే ఫ్లూట్ కూడా కొట్టాడు అనాలి, అనడు, ఊదాడు అంటాడు. ఫర్త్ అని లాహోర్‌లో ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా చేసి తర్వాత లండన్‌లో లింగ్విస్టిక్స్ చెప్పినాయన ఉన్నాడు కదా, మాట ఏమిటో దాని పక్కన ఏ మాటలు తిరుగుతున్నాయో చూసి తెలుసుకోవాలని 1957లోనే రాశాడు. నేను క్లాసులో చేసేది అదే. టెంపరేచర్ పక్కన రన్, గ్లవ్స్ పక్కన రన్ అవుట్, జంటలు జంటలుగా.

మావయ్య: జంటలు 645 బట్టీ పట్టిస్తావా?

కోడలు: పట్టించను. వార్డులో పనికొచ్చేవి ఒక ముప్పై ఉంటే గొప్ప. మీ లెక్కలో ఒకే అర్థమైతే ఇంకో చిన్న పరీక్ష పెట్టండి. 'హీ రన్స్ ఎ షాప్ అండ్ టెన్ కిలోమీటర్స్ ఎవ్రీ మార్నింగ్' అనండి. గ్రామర్ తప్పేం లేదు, కానీ చెవికి ఎక్కదు, వినేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. తెలుగులో 'ఆయన ఒక కొబ్బరికాయా రెండు ఈలలూ కొట్టాడు' అంటే అంతే. ఒకే అర్థమైతే ఒకే క్రియ కింద రెండూ హాయిగా ఇమడాలి కదా. ఇమడట్లేదంటే బుర్రలో వేరువేరుగానే ఉన్నాయి.

మావయ్య: ఆ పరీక్ష నాకూ తెలుసమ్మా, మంచిదే. వేరు వాడుకలు లేవని నేను అనట్లేదు. వేరు పుట్టుకలు ఉన్నాయా అన్నది నా ప్రశ్న. సెట్ తీసుకో. అందులో నిజంగానే రెండు మాటలు ఉన్నాయి. పెట్టడం, కూర్చోబెట్టడం అనే సెట్ పాత ఇంగ్లీష్‌ది, సిట్‌కి చుట్టం. గిన్నెల సెట్టు, నగల సెట్టు అంటామే, ఆ సెట్ చాలావరకు ఫ్రెంచ్ మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, సెక్ట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే. రెండూ ఒకే స్పెల్లింగులో కలిసిపోయాయి. కిరాణా కొట్టుకీ కొట్టడానికీ సంబంధం ఎలా లేదో అదీ అలాగే. అక్కడ విడదీసి చెప్పు, నేనూ విడదీస్తా. రన్‌లో అలా లేదు.

కోడలు: లేదా? నేను విన్నది వేరే. పాత ఇంగ్లీష్‌లో తాను పరిగెత్తడానికి ఒక క్రియ, పరిగెత్తించడానికి ఇంకో క్రియ ఉండేవట కదా.

మావయ్య: ఆఁ, అక్కడికే వస్తున్నా, మంచి చోట పట్టుకున్నావు. రిన్నన్ అంటే తాను పరిగెత్తడం, ఆర్నన్ అంటే గుర్రాన్ని పరిగెత్తించడం లాంటిది. రెండూ ఒకే కుటుంబం, తర్వాత కలిసిపోయి ఒక్క రన్ అయ్యాయి. ఇప్పుడు తెలుగు చూడు. నడవడం వేరు, నడపడం వేరు. పారడం వేరు, పారించడం వేరు. ఆడడం వేరు, ఆడించడం వేరు. మనకి జరగడానికీ జరిపించడానికీ క్రియలోనే తేడా కనిపిస్తుంది, ఇంగ్లీషువాడికి రన్‌లో కనిపించదు. 'ద మెషిన్ ఈజ్ రన్నింగ్' అంటే మెషిన్ నడుస్తోంది, 'షీ ఈజ్ రన్నింగ్ ద మెషిన్' అంటే ఆవిడ నడుపుతోంది. 645లో బోలెడన్ని ఇలా రెండు వరసలుగా పడిపోతాయి. తెలుగు పిల్లకి ఇది చెప్తే ఒక్క నిమిషంలో పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ తేడా వాళ్ళ నోట్లో పుట్టినప్పట్నుంచీ ఉంది. నీ జంటల లిస్టులో ఇది ఎక్కడుంది?

కోడలు: ... లేదు. ఇది నేను క్లాసులో చెప్పట్లేదు.

మావయ్య: చెప్పు మరి. ఇంకోటి కూడా చెప్పు, ఇంగ్లీషువాడు రన్ అన్న చోట మనం ఎక్కువసార్లు నడుస్తోంది అంటాం. షాపు నడుస్తోంది, కోర్టులో కేసు నడుస్తోంది, బస్సులు నడుస్తున్నాయి, ఊళ్ళో ఆయన మాట నడుస్తుంది. వాళ్ళు పరుగన్నది మనం నడక అంటున్నాం, అంతే తేడా. పరుగెత్తు అని ఒకే మాట గ్లాసరీలో రాసి పిల్లల చేతికిస్తే అది పనికొచ్చేది ఆటస్థలంలో మాత్రమే, మిగతా ఇంగ్లీష్ అంతా నడుస్తోంది, పారుతోంది, అయిపోయింది దగ్గర ఉంది.

కోడలు: గ్లాసరీ విషయంలో నాకు మీతో గొడవే లేదు మావయ్యా. పుస్తకం వెనకాల ఇంగ్లీష్ మాట, ఎదురుగా ఒకే ఒక్క తెలుగు మాట రాసే పద్ధతి వల్ల మా వాళ్ళు ఎంత ఇబ్బంది పడుతున్నారో రోజూ చూస్తున్నా. బీఎస్సీ నర్సింగ్ చేసి, ఐసీయూలో పనిచేసి, చేతిలో పని పర్ఫెక్టుగా ఉన్న అమ్మాయిలు ఒక చిన్న మాట దగ్గర తడబడి, మాకు ఇంగ్లీష్ రాదులే అని కూర్చుంటున్నారు. వాళ్ళకి రానిది ఇంగ్లీష్ కాదు, వాళ్ళకి చిన్నప్పుడు ఆ మాటలో చాలా కొంచెమే ఇచ్చారు. అందులోనూ చిన్నమాటల్లోనే ఎక్కువ కష్టం. హైపర్‌టెన్షన్ దగ్గర ఎవరూ తడబడరు, దానికి ఒకే అర్థం. జిఫ్ అని అమెరికా ఆయన 1945లోనే చూపించాడు, ఎంత ఎక్కువ వాడితే ఆ మాటకి అన్ని ఎక్కువ అర్థాలని. రోజూ వినపడే గెట్, పుట్, రన్, టేక్, ఇవే వాళ్ళని పడేస్తున్నాయి.

మావయ్య: అందుకే మూలార్థం దగ్గర మొదలుపెట్టమంటున్నా.

కోడలు: అందుకే పేషెంటు మాట దగ్గర మొదలుపెడతానంటున్నా. సరే, నడుచు నడుపు మాత్రం తీసుకుంటా, వచ్చే బ్యాచ్‌కి మొదటి వారంలోనే చెప్తా. కానీ రన్ డౌన్‌కి మీ దగ్గర ఏముంది?

మావయ్య: కీ ఇచ్చే గడియారం. కీ అయిపోతున్న కొద్దీ నెమ్మదించి ఆగిపోతుంది, దాన్ని రన్ డౌన్ అంటారు. బ్యాటరీకి కూడా అదే మాట. మనిషికీ అదే అంటించారు. అది గుర్తుపెట్టుకుంటే నీ అమ్మాయికి బండి గుర్తుకురాదు.

కోడలు: గడియారం బావుంది, వాడతా. ముందు ఆ పెద్దాయన మాట వినిపిస్తా, మొహం ఎలా పెట్టాడో చూపిస్తా, 'హౌ లాంగ్ హావ్ యూ బీన్ ఫీలింగ్ లైక్ దిస్' అని అడిగిస్తా. ఆ తర్వాత గడియారం.

మావయ్య: గడియారం ముందు చెప్తే మొహం చూపించాల్సిన పనే ఉండదు.

కోడలు: మొహం చూడకుండా నర్సు పని చెయ్యలేరు మావయ్యా.

మావయ్య: ఊఁ. సరే, ఆ లిస్టు ఒకసారి నాకు పంపు, ఏవి నడుచు కిందకొస్తాయో ఏవి నడుపు కిందకొస్తాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టిస్తా. క్లాసులో ఏది ముందు చెప్పాలన్నది మాత్రం నేను ఒప్పుకోలేదు.