రావణాసురుడి మీసాలకు ఒక మడమ విన్నపం

మహారాజశ్రీ రావణాసురుడి మీసాలు గారికి,

నిన్న మధ్యాహ్నం సూర్యలంక ఇసకలో తమరి పరిచయభాగ్యం కలిగిన గుంటూరువాసి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరు కుశలమే. నా ఎడమ మడమే కాదు.

"బీచ్‌లో రావణుడి మీసాలు చూపిస్తా" అని ఏడేళ్ళ మేనకోడల్ని బాపట్ల దాకా ఊరించింది నేనే. పిల్ల బుర్రలో సినిమా రావణుడు, చెవుల దాకా మెలితిరిగిన మీసం. తీరా చూస్తే ఇసకలో పాకుతున్న బూడిదపచ్చ గడ్డి, ఆకు కొసకో సూది. "ఇవేనా మావయ్యా?" అంది. ఆ "ఇవేనా" కోసం మండుటెండ, ఇసక చల్లి అమ్మిన మొక్కజొన్న కంకి.

అంతలో గాలి లేచింది. ఫుట్‌బాల్ అంత ముళ్ళ బంతి, కాలివేళ్ళ మీద పరిగెత్తినట్టు, నేలకి తగిలీ తగలకుండా దొర్లుకుంటూ వచ్చింది. పిల్ల దాని వెనక, పిల్ల వెనక నేను, చెప్పుల్లేకుండా. పట్టుకున్నాను. కాదు, అదే నన్ను పట్టుకుంది.

మీసమంటే మాకు మాటలా? మెలేసి సవాలు విసురుతాం, పందెం ఓడితే తీయించేసుకుంటాం. పొడిచింది రావణుడి మీసమే కదా అనుకుని సరిపెట్టుకుందును. ఇంటికొచ్చి చదివాను కదా, తమరిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరట. ఆ బంతి ఆడమొక్కదట! విత్తనాలు కడుపున పెట్టుకుని, తెగి, తీరమంతా దొర్లేది ఆవిడ. మగ మహానుభావుడు నాలుగు కంకులు పెట్టి, పుప్పొడి గాలికొదిలి చేతులు దులుపుకుంటాడు. మోసేది ఆవిడ, దొర్లేది ఆవిడ, పేరు ఆయన మీసానిది! "మండోదరి కొప్పు" అంటే ఏం పోయేది? ముళ్ళన్నీ కొప్పుపిన్నులు అనుకునేవాళ్ళం. పక్కింటి తమిళుల్ని అడుగుదామంటే వాళ్ళదీ అదే పాట, "రావణన్ మీసై". మొక్కలకి శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ ఒక్కడే 1771లో మీసాల జోలికి పోకుండా స్పినిఫెక్స్ అన్నాడు, ముళ్ళు చేసేది అని. తొక్కకుండానే నిజం కనిపెట్టాడు మహానుభావుడు.

పైగా నువ్వు గడ్డి జాతట! వరికీ చెరుకుకీ చుట్టమట. వరి అన్నం పెట్టింది, చెరుకు బెల్లం పెట్టింది. నువ్వేం పెట్టావు నాకు? ముల్లు పెట్టావు. సిగ్గులేదూ?

సరే, ఇసకని పట్టుకున్నావు. ఉప్పుగాలి, కాలే నేల. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నది నిన్ను చూసే అన్నారేమో. అలాంటి చోట బారలు బారలు పాకి, కణుపు కణుపుకీ వేరు దించి, ఎగిరొచ్చే ఇసకని ఆపి దిబ్బ కడతావు. నువ్వున్న వైపు దిబ్బ నా భుజం ఎత్తుంది. నిన్ను పీకి చదును చేసిన వైపు ఇసక రోడ్డెక్కింది. మా కారు చక్రం దిగబడింది అందులోనే. నలుగురు తోశారు. ఆ నలుగురిలో నేను కుంటుతూ.

బంతిని పిల్ల వదల్లేదు, తువ్వాల్లో చుట్టి తెచ్చింది. ఫ్యాన్ గాలికి హాల్లో దొర్లుతోంది. దాన్ని మండోదరి అని పిలుస్తోంది. చీపురుతో నెట్టబోయి మా అక్క కూడా పొడిపించుకుంది.

ఇక ఉంటాను. అమ్మ సూది కాల్చి పిలుస్తోంది, కొస ఇంకా లోపలే ఉంది.

ఇట్లు,
చెప్పులు కార్లో వదిలినవాడు