కౌంటర్ మీద బాగానే ఉంటుంది

పలమనేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుకుంటున్న ఒక అమ్మాయి పోయిన వారం మా ఆఫీసుకు వచ్చింది. లాప్‌టాప్ కంటే ముందు సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. నాలుగూ ఒకే సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్లు. మొదటి రెండింటిలో ‘విండోస్ మళ్లీ వేశాం’ అని ఉంది. మూడోదాంట్లో ‘డ్రైవర్లు అప్‌డేట్ చేశాం’, నాలుగోదాంట్లో ‘లోపం ఏమీ కనబడలేదు’.

“వాళ్ల ముందర పెడితే బాగానే పనిచేస్తా ఉంది సార్. హాస్టల్‌కి తెచ్చుకుంటే గంట కూడా నిలబడదు” అంది. వాళ్ల నాన్న పాలు పోసిన డబ్బు కూడబెట్టి, చాలనిదానికి వాయిదాలు పెట్టుకుని కొనిచ్చిన లాప్‌టాప్ అది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నీలం తెర (విండోస్ ఆగిపోయినప్పుడు కోడ్‌తో కనబడే తెర) వచ్చి ఆగిపోయింది. విండోస్ మళ్లీ వేసినప్పుడు ప్రాజెక్టు ఫైళ్లు పోయాయి. ఇదంతా వారంటీలో ఉండగానే జరిగింది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్, చుట్టూ ఇన్ని కాలేజీలు ఉన్న ఊరు మనది. బైరాగిపట్టెడ, బాలాజీ కాలనీ హాస్టల్ గదుల్లో లాప్‌టాప్ లేని మంచం కనబడదు. పాడైన లాప్‌టాప్‌తో సెంటర్ల చుట్టూ తిరుగుతున్న పిల్లలు మాకు చాలాసార్లు ఎదురయ్యారు. వాళ్లందరూ విన్న మాట ఒకటే: “ఇక్కడ బాగానే ఉంది కదమ్మా.”

అక్కడ బాగానే ఎందుకు ఉంటుందో సర్వీస్ ఇంజినీర్లకు తెలియనిది కాదు. ఏసీ గదిలో, చల్లగా ఉన్న లాప్‌టాప్‌ను పది నిమిషాలు ఆన్ చేసి చూస్తే చాలా లోపాలు బయటపడవు. ఫ్యాన్ సరిగా తిరగకపోయినా, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయినా, మెషిన్ బాగా వేడెక్కాకే ఆగిపోతుంది. ర్యామ్‌లో, అంటే పని నడిచేటప్పుడు వాడే మెమరీలో, ఏదో ఒక చోట లోపం ఉంటే, పని ఆ చోటిని తాకినప్పుడే నీలం తెర పడుతుంది. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ దెబ్బతింటుంటే ఒకరోజు బాగుండి మరుసటి రోజు మొరాయిస్తుంది. ఇలాంటివి పట్టుకోవాలంటే ర్యామ్ పరీక్షను రాత్రంతా నడపాలి, ప్రాసెసర్ మీద గంటల తరబడి భారం వేసి చూడాలి. విండోస్ మళ్లీ వేస్తే వీటిలో ఒక్కటీ నయం కాదు.

ఇంకో సంగతీ ఉంది. చాలా లాప్‌టాప్‌ల మాన్యువల్‌లో పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. మే నెలలో తిరుపతిలో 40 దాటడం మామూలే. ఆ మాట అమ్మేటప్పుడు ఏ షాపువాళ్లూ చెప్పరు. రిపేరుకు తెచ్చినప్పుడు మాత్రం ‘మీ గదిలో వేడి ఎక్కువ’ అంటే మేము ఒప్పుకోం. ఈ ఊళ్లో అమ్మిన వస్తువు ఈ ఊరి ఎండకు తట్టుకోవాలి.

చట్టం కొన్నవారి వైపే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, సరుకులో లోపం ఉందని తేలితే దాన్ని సరిచేయమని, మార్చి ఇవ్వమని, లేదా డబ్బు వెనక్కి ఇవ్వమని జిల్లా వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు. నష్టపరిహారమూ ఇప్పించవచ్చు. వస్తువు ఎక్కడ కొన్నా, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోగా వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకుంటే చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి.

అయితే కమిషన్ ముందు నిలిచేది కాగితమే. అందుకే నీలం తెర పడిన ప్రతిసారీ కింద ఉన్న కోడ్ కనబడేలా ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఒకటి ఉంది, మెషిన్ ఏ తేదీన ఎన్నిసార్లు ఆగిపోయిందో అదే రాసిపెడుతుంది. విండోస్ మళ్లీ వేస్తే ఆ లెక్క కూడా చెరిగిపోతుంది కాబట్టి లాప్‌టాప్ అప్పగించే ముందే దాన్ని ఫోటో తీయాలి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. జాబ్ షీట్ లేకుండా లాప్‌టాప్ వదలకూడదు.

కంపెనీలను మేము గట్టిగా అడుగుతున్నాం. ఒకే లోపంతో రెండుసార్లు వచ్చిన లాప్‌టాప్‌ను మూడోసారి మార్చి ఇవ్వాలి. లోపం ఉందని నిరూపించే బరువు పంతొమ్మిదేళ్ల పిల్ల మీద వేయడం అన్యాయం. వేడెక్కించి, గంటల తరబడి నడిపి చూసే పరికరాలు, మనుషులు ఉన్నది కంపెనీ దగ్గర. లాప్‌టాప్ సర్వీస్ సెంటర్‌లో పడి ఉన్న రోజులను వారంటీకి కలపాలి. విడిభాగం చెన్నై నుంచి రావాలని మూడు వారాలు ఆపితే, అన్నాళ్లూ వాడుకోవడానికి ఇంకో మెషిన్ ఇవ్వాలి. పరీక్షలు విడిభాగం కోసం ఆగవు. కాలేజీలు కూడా ఇలాంటి ఫిర్యాదులు రాయడంలో పిల్లలకు సాయపడే ఒక మనిషిని చూపించాలి. చేతిలో హక్కు ఉండీ భయంతో, మొహమాటంతో వెనక్కి తగ్గుతున్నవాళ్లే మాకు ఎక్కువ కనిపిస్తున్నారు.

ఆ అమ్మాయి సోమవారం ఐదోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లింది. ‘ఆన్ అవుతుంది, చెక్ చేయాలి’ అని రాసిన జాబ్ షీట్‌ను తీసుకోనంది. అరగంట నిలబడి, ‘నలభై నిమిషాలు వాడాక నీలం తెర వచ్చి ఆగిపోతోంది, ఇది ఐదోసారి’ అని రాయించుకుని, కింద సంతకం, ముద్ర వేయించుకుంది. వారంటీ ఇంకా రెండు నెలలు ఉంది.