ఆఖరి ఊపిరికి రేటు కడతారా?

మొన్న మంగళవారం సాయంత్రం, పేజీలు దిద్దుకునే హడావుడిలో ఉండగా మా తిరుపతి ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు. వెంటిలేటర్ మీదున్న ఒకావిడకు గొట్టాలు తీసేయాలా, ఉంచాలా అని రెండు కుటుంబాలు గొడవపడుతున్న కేసు గురించి వారం రోజులుగా ఊరంతా మాట్లాడుకుంటోంది కదా, ఆ పేషెంటుకు మరిది కొడుకట. కూర్చోమనక ముందే కూర్చుని, ఫోన్ బల్ల మీద పెట్టి గ్యాలరీ తెరిచాడు. పదకొండు వీడియోలు. నోట్లో గొట్టం, దాన్ని కదలకుండా పట్టిన తెల్ల ప్లాస్టరు, మంచం కమ్మీకి దారంతో కట్టిన తిరుచానూరు అమ్మవారి చిన్న పటం, అన్నీ లైటింగ్ చూసుకుని మరీ తీసినవే. "ఇంగ రెండు దినాలే అని డాక్టర్లు చెప్పినారు సార్. ఈపొద్దైతే ఈ రేటు. ఆమె పోయినాక ఈ రేటుకు రాదు" అన్నాడు. మదనపల్లె మార్కెట్లో పొద్దెక్కితే టమాటా ధర పడిపోతుందని కంగారుపడే రైతు గొంతులోనైనా కాస్త వణుకు ఉంటుంది, ఇతని గొంతులో అదీ లేదు.

టీ కూడా ఇవ్వకుండా పంపేశాం. తెల్లారేసరికి అవే వీడియోలు ఒక యూట్యూబ్ చానల్లో ఎర్ర అక్షరాలతో ప్రత్యక్షం, కింద క్యూఆర్ కోడ్. ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వ పథకం కింద నడుస్తోందని అతగాడే మాతో చెప్పాడు, మరి ఆ కోడ్ దేనికి? పేర్లు మాత్రం రాయడం లేదు. రాస్తే అతనికి ఇంకో నాలుగు వేల వ్యూస్ మేమే తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

గొట్టాలు తీసేయాలా, ఉంచాలా అని మెట్టినింటి వాళ్లు, పుట్టింటి వాళ్లు పడుతున్న గొడవలో ఎవరిది న్యాయమో మేం చెప్పబోవడం లేదు. అది డాక్టర్లు, కోర్టు తేల్చాల్సిన సంగతి. మా అభ్యంతరమల్లా రేటు గురించే. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లని పెద్దలు తిట్టేవారు, ఇక్కడ ఆవిడ ఇంకా బతికే ఉంది.

ప్రచారం వల్ల మేలు జరగదా అని కొందరు అడుగుతారు, జరుగుతుంది. 2016లో, అప్పటి మన చిత్తూరు జిల్లాలోని తంబళ్లపల్లెలో, కాలేయం చెడిపోయిన పసిబిడ్డకు కారుణ్య మరణం ఇప్పించండని తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కితే, ఆ వార్త చూసే ప్రభుత్వం కదిలింది, బిడ్డకు కాలేయ మార్పిడి జరిగింది. (2021లో పుంగనూరు తల్లికి ఆ అదృష్టం లేదు. అదే అర్జీ పట్టుకుని కోర్టు దాకా వెళ్లి వస్తుంటే తొమ్మిదేళ్ల కొడుకు ఆటోలోనే పోయాడు.) బిడ్డను బతికించుకోవడానికి చెయ్యి చాచినవాళ్లను ఎవరేమంటారు? వైద్యానికి అడిగే డబ్బు వేరు, చావు చూపించి అడిగే డబ్బు వేరు. ఈ తేడా తెలియదని ఎవరైనా అంటే మేం నమ్మం.

ఈ రోగం మనతోనే మొదలైందనుకోవడానికీ లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో టెర్రీ షియావో అనే ఆవిడ 1990లో ఇంట్లో కుప్పకూలి, మళ్లీ స్పృహలోకి రాకుండా 15 ఏళ్లు మంచం మీదే ఉంది. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని భర్త వేసిన కేసులో ఆమె సంరక్షణ నిధికి సుమారు 7.5 లక్షల డాలర్లు, భర్తకు విడిగా 3 లక్షలు వచ్చాయి. తర్వాత ఆయన ఆహార గొట్టం తీసేయమని కోరాడు, తల్లిదండ్రులు కాదన్నారు. ఆమె పోతే ఆ నిధి భర్తకే దక్కుతుంది కదా, మరి ఆమె తరఫున ఆయన ఎలా మాట్లాడతాడని కోర్టు పంపిన మనిషే 1998లో నివేదికలో ఎత్తిచూపాడు. అంటే డబ్బు ఒకసారి ఆ గదిలోకి అడుగుపెట్టాక, ఆ భర్త మనసులో నిజంగా ఏముందో ఇక ఎవరికీ తేలలేదు. ఆయన మంచివాడే కావచ్చు, అయినా అనుమానం పోదు. తల్లిదండ్రుల వైపు తక్కువ తిన్నారా? 2005 మార్చిలో గొట్టం తీసేశాక కూతురు కొన ఊపిరితో ఉండగానే, తమకు విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లు, చిరునామాల జాబితాను ఉత్తరాల మీద చందాలు రాబట్టే కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నారు. మార్చి 31న ఆమె పోయింది. మరుసటి ఏడాది రెండు వైపుల నుంచీ రెండు పుస్తకాలు మార్కెట్లోకి వచ్చాయి. అంతకు ముందే, ఆమె పోయిన తొమ్మిదో నెలలోనే భర్త ఆమె పేరు మీద ఒక రాజకీయ చందాల కమిటీ కూడా పెట్టేశాడు. బతకాలన్నవాళ్లూ అమ్ముకున్నారు, పోనివ్వమన్నవాళ్లూ అమ్ముకున్నారు.

మన తిరుపతి కుర్రాడు చేసింది చిన్న పనిలా కనిపించొచ్చు, పది ఇరవై వేల బేరమే కదా అనిపించొచ్చు. కానీ రేటు అంటూ ఒకటి కుదిరిందా, రేపు చిత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో ఇంకో ఐసీయూ బయట కూర్చున్న బంధువుకు ఆ రేటు తెలిసిపోతుంది. ఇంకో రెండు రోజులు ఉంచితే ఎంత, ఈ రాత్రికే తీసేస్తే ఎంత అని లెక్క మొదలవుతుంది. మన సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి, 2023లో సులువు చేసిన నిబంధనల ప్రకారం, రోగి ముందే రాసిపెట్టకపోతే, చికిత్స ఆపాలంటే రెండు వైద్య బోర్డుల అభిప్రాయంతో పాటు దగ్గరి బంధువుల సమ్మతి కావాలి. ఆ సంతకం పెట్టే చెయ్యే వీడియో అమ్మే చెయ్యి అయితే ఆ సంతకానికి విలువేముంది? కిడ్నీ అమ్మితే జైలు. 1994 నుంచీ చట్టం ఉంది. అదే మనిషి ఆఖరి ఊపిరి అమ్మితే మాత్రం వ్యూస్, లైకులు, సబ్‌స్క్రైబర్లు.

ఇదే ఊళ్లో 2023 జనవరిలో విశాఖ నుంచి విమానంలో వచ్చిన గుండెను పద్మావతి హృదయాలయంలో 15 ఏళ్ల కుర్రాడికి అమర్చారు. ఇచ్చిన కుటుంబం పైసా అడగలేదు. ముంబైలో దాడికి గురై మళ్లీ కోలుకోని నర్సు అరుణా శాన్‌బాగ్‌ను కేఈఎం ఆస్పత్రి నర్సులు 1973 నుంచి 2015 దాకా చూసుకున్నారు, 42 ఏళ్లు! ఆమెకు కారుణ్య మరణం ఇప్పించమని ఆమె తరఫున కోర్టుకు వెళ్లింది ఆమె మీద పుస్తకం రాసిన రచయిత్రి. 2011లో సుప్రీంకోర్టు మాత్రం, అరుణ కోసం మాట్లాడే హక్కు ఆమె పక్క శుభ్రం చేసినవాళ్లకే ఉందని చెప్పింది. మన కేసులో పక్క శుభ్రం చేస్తున్నది ఎవరో కూడా ఎవరైనా అడిగితే బాగుండేది.

మేమేం కడిగిన ముత్యాలం కాదు. ఈ కేసును మూడు రోజులు మొదటి పేజీలో వేసింది మేమే, రెండో రోజు ఆవిడ పెళ్లి ఫొటో వేయకుండా ఉండాల్సింది. ఆ ఫొటోకు డబ్బు ఇవ్వలేదు అనేది మాకు సాకు కాదు. కానీ మా తప్పు చూపించి తన బేరం సమర్థించుకునేవాళ్లను ఊరుకోం. ఆస్పత్రి వాళ్లు ఐసీయూ తలుపు దగ్గరే ఫోన్లు తీసి పెట్టించాలి, రోజుకు ఇద్దరు నాయకులు పూలబొకేతో, సొంత కెమెరామన్‌తో దిగుతుంటే సెల్యూట్ కొట్టి లోపలికి పంపడం మానాలి. ఆ నాయకులకూ చెబుతున్నాం, ఓదార్పుకు కెమెరామన్ ఎందుకయ్యా?

నిన్న మధ్యాహ్నం మా విలేకరి వెళ్లేసరికి మంచం దగ్గర ఒకే ఒక్క మనిషి ఉంది. ఆవిడ తల్లి. గ్లాసులో దూది ముంచి, బిడ్డ పెదాలు తడి చేస్తోంది. ఈ వారం రోజుల్లో ఆమెను ఏ చానలూ ఇంటర్వ్యూ అడగలేదు, అడిగినా ఆమె చెప్పేదీ లేదు. బయట వరండాలో మరిది కొడుకు ఫోన్ చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాడు. నాయనా, ఆ చార్జర్ పీకి, లోపలికి పోయి ఆ ముసలామెకు గ్లాసు పట్టుకో. ఆ పదకొండు వీడియోలు చెరిపెయ్యి. మళ్లీ మా ఆఫీసు మెట్లు ఎక్కకు.