జెస్సీ జేమ్స్ గారి లంకెబిందెలకి ఒక లెక్కల మాస్టారి లేఖ

మహారాజశ్రీ లంకెబిందెల గారికి,

మిస్సోరిలో ఒక మిడిల్ స్కూల్ లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. తమరు అమెరికా బందిపోటు జెస్సీ జేమ్స్ పాతిపెట్టాడని జనం చెప్పుకునే బంగారం కదా; ఓక్లహోమాలో విచిటా కొండల కింద ఉన్నారని కొందరు, కాదు ఇక్కడే ఏదో గుహలో ఉన్నారని కొందరు. ఎక్కడున్నా క్షేమంగానే ఉండి ఉంటారు. 140 ఏళ్లుగా తమర్ని కదిపినవాడు లేడు కదా.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు తమరి ఖాతాలో పోయాయి. పిల్లల్ని పెందలాడే ఇంటికి పంపేసి మమ్మల్నందర్నీ లైబ్రరీలో కూర్చోబెట్టారు. కొత్త ప్రిన్సిపాల్ గారు, ఐదేళ్లలో నాలుగో మనిషి. మొదటి స్లైడులోనే తమరి దర్శనమైంది: పాతకాలపు పటం, చుక్కల దారి, చివర ఎర్రటి ఇంటూ గుర్తు. నిధి మన బడిలోనే ఉందట, తవ్వి తీసే నాయకత్వమే కావాలట. తర్వాత రంగు కాగితాలు పంచి, మీలోని బంగారం ఏమిటో రాయండన్నారు. నేను 'భిన్నాలు' అని రాశాను. గోడకి అంటించిన పది నిమిషాలకే ఊడి పడింది. అక్కడ పోసిన కాఫీ గురించి రాస్తే ఉత్తరం పాడవుతుంది.

తమరి సంగతి నాకు తెలియదనుకోకండి. 1882 ఏప్రిల్ 3న సెయింట్ జోసెఫ్‌లో జెస్సీ గారు సొంత ముఠా మనిషి తుపాకీకే పోయారు. భార్య ఇంట్లో సామాను వేలం వేసుకుంది. తల్లి కొడుకు సమాధి మీది గులకరాళ్లని చూడవచ్చినవాళ్లకి పావు డాలరు చొప్పున అమ్మింది. అయిపోయినప్పుడల్లా ఏట్లోంచి ఇంకాసిని తెచ్చి పోయించేదట. అన్న ఫ్రాంక్ చెప్పుల కొట్లో పనిచేశాడు, నాటకశాల గుమ్మం దగ్గర టికెట్లు తీసుకున్నాడు. 20 లక్షల డాలర్ల బంగారం దాచిన ఇల్లేనా ఇది? ఆ కుటుంబం మొత్తంలో వ్యాపారం తెలిసింది ఆ ముసలావిడ ఒక్కదానికే.

దొంగసొత్తు నిజంగా దొరికిన కథ ఒకటుంది. 1699లో సముద్రపు దొంగ కెప్టెన్ కిడ్ న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ దీవిలో పాతిపెట్టింది. సర్కారు వాళ్లు దానికి పటమూ గీయలేదు, అంజనమూ వేయలేదు. ఆ దీవిలో ఉండే ఆసామిని అడిగారు. ఇచ్చేశాడు.

మమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు. 2009లో అమెరికా విద్యామంత్రి ఆర్నీ డంకన్ గారు, దేశంలో అట్టడుగున ఉన్న 5,000 బడుల్ని ఐదేళ్లలో గట్టెక్కిస్తామన్నారు. స్కూల్ ఇంప్రూవ్‌మెంట్ గ్రాంట్ల కింద మొత్తం 700 కోట్ల డాలర్ల పైనే పోశారు. ఆ డబ్బు కావాలంటే నాలుగు దారులు. ఒకటి బడి మూసేయడం, ఒకటి వేరేవాళ్ల చేతిలో పెట్టడం. మిగతా రెండిటికీ మొదటి షరతు ప్రిన్సిపాల్‌ని మార్చడం, అందులో ఒకదానికి కనీసం సగం మంది సిబ్బందిని కూడా. మా ఊళ్లలో గుప్తనిధి తవ్వేముందు కోడిని కోస్తారు. ఇక్కడ అధికారికంగా ఫారం నింపి కోశారు. ఇంతా చేశాక 2017 జనవరిలో ఆ విద్యాశాఖ అధ్యయనమే తేల్చింది: మార్కుల్లో గానీ, హైస్కూలు పూర్తిచేసేవాళ్లలో గానీ, కాలేజీకి వెళ్లేవాళ్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదని. కాలిఫోర్నియా, మసాచుసెట్స్‌లలో కొంత ఫలితం కనిపించిందని వేరే అధ్యయనాలు అన్నాయి, అబద్ధమెందుకు. కానీ గుంట తవ్వే అలవాటు మాత్రం దేశమంతా మిగిలిపోయింది.

అసలు కడుపుమంట వేరే ఉంది. మా మూడో ప్రిన్సిపాలమ్మ. ఆవిడ స్లైడులు వేయలేదు. క్లాసుకి వచ్చి వెనక కుర్చీలో పావుగంట కూర్చునేది. ఒకరోజు వెళ్తూ వెళ్తూ, "మీరు ప్రశ్న అడిగి మూడు సెకన్లైనా ఆగట్లేదు, మీరే జవాబు చెప్పేస్తున్నారు" అంది. రాత్రంతా కోపంతో నిద్రపట్టలేదు. మర్నాడు ఆగి చూశాను. ఎన్నడూ నోరెత్తని పిల్ల నోరు తెరిచింది. టైంటేబుల్ తిరగరాసి, లెక్కలు చెప్పే ముగ్గురికీ ఒకే పీరియడ్ ఖాళీ ఇప్పించింది. ముగ్గురం కూర్చుని పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో చూసుకోవడం అప్పుడే మొదలుపెట్టాం. రెండేళ్లు. అంతే. బాగా చేస్తోందని జిల్లా ఆఫీసుకి ప్రమోషన్ ఇచ్చి తీసుకుపోయారు. కొత్తాయన రాగానే టైంటేబుల్ మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఖాళీ పీరియడ్‌లో ఇప్పుడు నాకు క్యాంటీన్ డ్యూటీ.

ఒరే నిధీ, నీకు అర్థమవుతోందా? దొరికింది. చేతికి దొరికింది. దొరికినదాన్ని తీసుకెళ్లి ఆఫీసులో పాతిపెట్టి, మా చేతికి మళ్లీ పటం ఇచ్చారు! నువ్వు లేకపోతే వీళ్లకి ఒకచోట నిలబడి పనిచేయడం వచ్చేదేమో. ఎక్కడో ఏదో మెరుస్తోందని నువ్వు చెబుతూ ఉంటావు, వీళ్లు పరిగెడుతూ ఉంటారు.

క్షమించాలి. మర్యాద తప్పాను.

సోమవారం కసికొద్దీ ఏడో తరగతికి తమరి మీదే లెక్క ఇచ్చాను. 1876 సెప్టెంబర్ 7న నార్త్‌ఫీల్డ్ బ్యాంకు మీద పడిన జెస్సీ ముఠాకి దక్కింది 26.70 డాలర్లు. ముఠాలో 8 మంది. తలా ఎంత? అడిగి, ఆగాను. మూడు సెకన్లు కాదు, పది. వెనక వరసలో ఒకడు చెయ్యెత్తాడు. "లెక్క తప్పు సార్. జెస్సీ, ఫ్రాంక్ ఇద్దరే తప్పించుకున్నారు. తలా 13.35." క్లాసంతా గోల. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు చూశాను, తలుపు దగ్గర కొత్త ప్రిన్సిపాల్ గారు. ఎప్పుడొచ్చారో తెలియదు. పెన్ను తీసి అరచేతి మీద భాగహారం చేసుకుంటున్నారు. ఆయనకి 3.34 వచ్చింది.

ఇట్లు,
తమరి కోసం ఎన్నడూ పార పట్టని
ఒక లెక్కల మాస్టారు