పీటల మీద గోత్రం ప్రశ్న

పుణేలోని గోఖలే రాజకీయ, అర్థశాస్త్ర సంస్థలో రెండు నెలల పాటు సాగిన తతంగం 2024 నవంబరులో ఉపకులపతి అజిత్ రానడే రాజీనామాతో ముగిసింది. సెప్టెంబరులో కులపతి బిబేక్ దేబ్‌రాయ్ ఆయనను తొలగించారు. బొంబాయి హైకోర్టు రానడేకు ఊరటనివ్వగా దేబ్‌రాయ్ తప్పుకున్నారు. కొత్త కులపతి సంజీవ్ సన్యాల్ ఆ ఉత్తర్వును ఉపసంహరించారు. తొలగింపు చెల్లకుండా పోయింది, అయినా మనిషి మాత్రం వెళ్లిపోయారు.

ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం లేదన్నది రానడేపై మోపిన అభియోగం. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిబంధన ఎవరికైనా నిబంధనేనన్న వాదనను తోసిపుచ్చలేం. కానీ 2022లో ఎంపిక చేసిన పెద్దలకు ఆయన ఏళ్ల తరబడి ఓ పారిశ్రామిక సంస్థలో ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేశారని తెలియదా? ఆయన అర్హతల పత్రం అప్పుడు వారి చేతిలోనే ఉంది. పీటల మీద కూర్చోబెట్టి, తలంబ్రాలు కూడా పోయించి, రెండున్నరేళ్ల తర్వాత గోత్రం అడిగితే దాన్ని నియమపాలన అని ఎవరంటారు? ఎన్నికల సంస్కరణల కోసం పోరాడిన ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు, పత్రికల్లో ఆర్థిక విధానాలపై నిర్మొహమాటంగా రాసే అలవాటూ ఉంది. తొలగింపునకు అదే కారణమని మేం అనడం లేదు, అలాంటి అనుమానానికి తావిచ్చిన తీరునే తప్పుపడుతున్నాం. 2024 నవంబరు 1న కన్నుమూసిన దేబ్‌రాయ్ పాండిత్యంపైనా మాకు సందేహం లేదు.

ఇది ఎలాంటి సంస్థ? 1930లో ఆర్థికవేత్త డి.ఆర్.గాడ్గిల్ సారథ్యంలో మొదలై, మహారాష్ట్రలోని వాయి తాలూకా రైతుల సాగు లెక్కలను పొలం గట్ల మీదే సేకరించిన సంస్థ. మనిషికి రోజుకు 2,250 కేలరీల తిండి దక్కాలంటే 1960-61 ధరల్లో పల్లెలో నెలకు 15 రూపాయలు, పట్నంలో 22.50 రూపాయలు కావాలని ఇక్కడి ఆర్థికవేత్తలు దాండేకర్, నీలకంఠ రథ్ లెక్కగట్టారు. పల్లెల్లో 40 శాతం, పట్నాల్లో 50 శాతం జనానికి అదీ దక్కడం లేదని 1971లో చెప్పినది ఇక్కడి నుంచే. పాలకులకు అది తీపి కబురు కాదు. అలాంటి లెక్కలు వేయాలంటే కుర్చీకి భరోసా ఉండాలి.

మా ఆందోళన అంతా ఈ ఒరవడి గురించే. నియామక సమయంలో కళ్లు మూసుకున్న నిబంధనను సొరుగులో దాచి, అవసరమైనప్పుడు బయటకు తీయవచ్చని ఒకసారి రుజువైతే, రేపు ప్రతి సంస్థాధిపతికీ ఓ సొరుగు సిద్ధమవుతుంది. మన దగ్గర ఆ సొరుగు అవసరం కూడా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారగానే ఉపకులపతులు వరుసగా రాజీనామాలిచ్చారు. తెలంగాణలో అదే ఏడాది మే నుంచి అక్టోబరు దాకా విశ్వవిద్యాలయాలను ఐఏఎస్‌లే ఇన్‌ఛార్జులుగా నడిపారు. పుణేను చూసి నవ్వుకునే అర్హత మనకు లేదు.

గోఖలే పేరు పెట్టుకున్న సంస్థను నడుపుతున్న సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ ఇప్పుడైనా నోరు విప్పాలి. అనర్హుణ్ని నియమించి ఉంటే ఎంపిక చేసినవారిపై చర్య ఏది? అర్హుణ్నే నియమించి ఉంటే ఆ ఉత్తర్వు ఎందుకు వెలువడింది? రెండింటిలో ఒకదానికైనా జవాబు చెప్పకుండా కొత్త ఉపకులపతి కోసం ప్రకటన ఇవ్వడానికి ఆ పెద్దలకు సిగ్గుండాలి.