మైకు వెనక వరుసలకూ వెళ్లాలి

నాయకత్వం, సామాజిక సమస్యల మీద చర్చిలు అందరికీ ప్రసంగాలు ఏర్పాటు చేయడం బాగుందంటూనే, ప్రార్థన జరిగే చోట ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతున్నారని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఎందుకు వద్దో నాకైతే అర్థం కాదు. అమెరికాలోని మాంట్‌గోమరీలో, నల్లజాతివాళ్లను వేరుగా కూర్చోబెట్టే బస్సుల బహిష్కరణ కొనసాగించాలని జనం తేల్చుకున్నది 1955 డిసెంబర్ 5 సాయంత్రం, హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలోనే. లోపల చోటు చాలక వేలమంది బయట నిలబడి లౌడ్‌స్పీకర్లలో విన్నారు. ఆ పోరాటాన్ని నడిపించిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ వయసు అప్పటికి 26 ఏళ్లే. ఆ పోరాటం 381 రోజులు నిలబడిందంటే ఒక్క ఉపన్యాసం వల్ల కాదు. చర్చిల్లో మళ్లీ మళ్లీ సభలు పెట్టుకున్నారు, చందాలు పోగేశారు, పనికి వెళ్లేవాళ్లకు కార్లు సర్దారు.

నాకు అసంతృప్తి ఉన్నది వేరే విషయంలో. నేను వెళ్లిన ఒక సభలో మద్యం వల్ల చితికిపోతున్న కుటుంబాల గురించి వక్త గంటకు పైగా మాట్లాడారు. బాగానే మాట్లాడారు. ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మైకు ముందు వరుస పెద్దల చేతుల్లోనే తిరిగింది. చివరి వరుసలో ఒకావిడ ఎత్తిన చెయ్యి దించకుండా కూర్చున్నారు, ఎవరూ చూడలేదు. ఆ బాధ రోజూ పడేది బహుశా ఆవిడే కదా! నాయకత్వం గురించి చెప్పే సభలో ఆడవాళ్లకూ కుర్రాళ్లకూ మాట్లాడే వంతు రాకపోతే ఎలా?

నిర్వాహకులకు నా విన్నపం ఒకటే. పేరు రాయనక్కర్లేని చీటీల మీద ప్రశ్నలు ముందే తీసుకోండి, వక్త వాటితోనే మొదలుపెట్టాలి.