న్యూట్రల్‌లో దిగమంటున్న ఆ మెసేజ్‌ని ఇక పంపకండి

"ట్రైలర్ లాగేటప్పుడు పికప్ గేర్‌బాక్స్ వేడెక్కకుండా ఏడు చిట్కాలు" అనే మెసేజ్ ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. పంపేవాళ్లంతా ఆటోమేటిక్ పికప్‌కి ట్రైలర్ తగిలించి నడిపేవాళ్లే కావడం నాకు ఇంకా బాధ. ఆ ఏడింటిలో ఒకటి ప్రాణాల మీదకు తెచ్చేది. నాలుగు గేర్‌బాక్స్‌ని పాడుచేసేవి. ఒకటి శుద్ధ దండగ. ఒకటి మాత్రం నిజం, దాని సంగతి చివర్లో చెబుతాను.

మొదటి చిట్కా: టో మోడ్ (బరువు లాగేటప్పుడు నొక్కే సెట్టింగ్) ఆపేసి, టాప్ గేర్‌లో ఆర్‌పీఎం తక్కువగా ఉంచితే గేర్‌బాక్స్ చల్లగా ఉంటుందట. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. ఆటోమేటిక్‌లో వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగంలో. అది కూడా దాన్ని జారకుండా బిగించి పట్టే లాకప్ వదిలేసి జారుతున్నప్పుడు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం చూపించే టాకోమీటర్ ముల్లుని గమనించండి. స్పీడు 60 దగ్గరే ఉంటుంది, గేరు మారదు, యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే ముల్లు మాత్రం 1800 నుంచి 2100కి లేస్తుంది. లాకప్ వదిలేసిందనడానికి అదే గుర్తు. ఇంజన్ 60 కిలోవాట్లు ఇస్తుంటే అందులో పదో వంతు జారుడులో పోయిందనుకున్నా, 6 కిలోవాట్ల వేడి నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. పైగా టాప్ గేర్ మోయలేక కిందికి, మళ్లీ పైకి గేర్లు మారుతూనే ఉంటాయి. మారిన ప్రతిసారీ క్లచ్‌లు రాసుకుంటాయి.

టో మోడ్ చేసేది దీన్ని ఆపడమే. కింది గేరుని పట్టి ఉంచుతుంది, చాలా బళ్లలో లాకప్‌ని త్వరగా వేస్తుంది. ఇంజన్ 3000 మీద తిరిగితే శబ్దం పెరుగుతుంది తప్ప గేర్‌బాక్స్‌కి నష్టం లేదు. ఆయిల్ పంపు కూడా ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి కూలర్‌లోకి వెళ్లే ఆయిల్ పెరుగుతుంది. శబ్దాన్ని చూసి వేడి అనుకోవడం దగ్గరే ఈ మెసేజ్ దారి తప్పింది.

ఇక రెండోది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను. "దిగుడులో న్యూట్రల్ వేయండి, గేర్‌బాక్స్‌కి విశ్రాంతి, డీజిల్ కూడా ఆదా." ఇది రాసినవాళ్లు వెనక ట్రైలర్ పెట్టుకుని ఒక్కసారైనా ఘాట్ దిగి ఉంటారా?

బండి రెండున్నర టన్నులు, ట్రైలర్ ఒకటిన్నర, మొత్తం 4 టన్నులు అనుకుందాం. 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి దాదాపు 2 కోట్ల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. కరెంటు లెక్కలో దాదాపు ఐదున్నర యూనిట్లు. గేర్లో ఉంటే ఇందులో పెద్ద వాటా ఇంజన్ మింగుతుంది. న్యూట్రల్‌లో గాలి ఆపగలిగింది పోగా మిగతాదంతా బ్రేకుల మీదే పడుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న ఆయిల్‌కి ఆ హద్దు 155 డిగ్రీలే. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి ఆగదు. అప్పటికి స్పీడు పెరిగి ఉంటుంది, వెనక నుంచి ట్రైలర్ నెడుతుంటుంది, ముందు మలుపు ఉంటుంది. కంగారులో మళ్లీ డీ (డ్రైవ్)లోకి తోస్తే క్లచ్‌ల మీద ఒక్కసారిగా దెబ్బ పడుతుంది.

పోనీ, విశ్రాంతైనా నిజమా? కాదు. చక్రాలు తిరుగుతున్నంతసేపూ గేర్‌బాక్స్ నుంచి వాటికి వెళ్లే అవుట్‌పుట్ షాఫ్ట్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది. పంపు మాత్రం ఐడిల్ వేగానికి పడిపోతుంది. అంటే వేగంగా తిరిగే భాగాలకు ఆయిల్ అందేది తగ్గుతుంది. ఆదా కూడా అబద్ధమే. గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే నేటి ఇంజన్లు డీజిల్ సరఫరాని పూర్తిగా ఆపేస్తాయి. ఐడిల్ డీజిల్ కాలేది న్యూట్రల్‌లోనే. దిగుడు మొదలయ్యే ముందే కింది గేరు వేసుకోండి. బ్రేకుని గట్టిగా నొక్కి వదలండి, అదే పనిగా తొక్కి ఉంచకండి. ఈ ఒక్క చిట్కాని ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఫోన్ చేసి తప్పని చెప్పండి.

మూడోది, వేడి హెచ్చరిక రాగానే ఇంజన్ ఆపేయమనడం. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, కన్వర్టర్‌లో ఉన్న మరిగే ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. బండిని పక్కకి తీసి, పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజన్‌ని కొన్ని నిమిషాలు నడవనివ్వాలి. ఆయిల్ కారుతున్నా, పొగ వస్తున్నా, ఇంజనే వేడెక్కినా అప్పుడు ఆపేయాలి. "ఇంజన్ ఉష్ణోగ్రత ముల్లు మధ్యలో ఉంటే గేర్‌బాక్స్ బాగున్నట్టే" అని కూడా అక్కడే రాశారు. కాదు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ మామూలుగా ఉండగానే గేర్‌బాక్స్ ఆయిల్ 120 డిగ్రీలు దాటగలదు. దాదాపు 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే లెక్క. కాబట్టి గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతనే చూడాలి. డ్యాష్‌బోర్డులో చూపించకపోతే ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న పరికరం) పెట్టుకుని చూడండి.

నాలుగోది, గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ గుండా వెళ్లే లైన్ తీసేసి, ఆయిల్‌ని విడిగా బిగించిన కొత్త కూలర్‌కే కలపమనడం. అదనపు కూలర్ మంచిదే, కానీ అది గాలి మీద బతికేది. గాలి సరిగ్గా తగలని చోట, నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు, ఆయిల్ వేడిని కూలెంట్ బాగా లాగుతుంది. చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్‌ని త్వరగా వెచ్చబరిచేది కూడా ఆ రేడియేటరే. ముందు రేడియేటర్, తర్వాత అదనపు కూలర్, అక్కడి నుంచి గేర్‌బాక్స్. ఈ వరస మార్చకండి.

ఐదోది, ఆయిల్ ఒక లీటరు ఎక్కువ పోయమనడం. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగతో ప్రెషర్ నిలబడదు, క్లచ్‌లు జారతాయి. అంతే సంగతి.

ఆరోది గేర్‌బాక్స్ మీద తడిగుడ్డ కప్పడం. దీనికి జవాబు రాయడమే ఎక్కువ.

ఏడోది చదివి అందరూ నవ్వారు: "క్యాబిన్ హీటర్‌ని ఫుల్లుగా పెట్టండి." అదొక్కటే నిజం. గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ ట్యాంకులోని కూలర్ గుండా వెళ్లే బళ్లలో, హీటర్ కూలెంట్ నుంచి వేడిని లాగితే ఆయిల్‌కి కూడా కొంత ఊరట దొరుకుతుంది. ఎండాకాలంలో చెమటలు పట్టినా సరే, బండి ఆపుకునే చోటు దొరికేదాకా అది పనికొస్తుంది. ఏసీ ఆపేసి, కిటికీలు దించి, ఫ్యాన్ పెద్దగా పెట్టండి. ఆయిల్ గాలితో చల్లబడే కూలర్‌లోకి మాత్రమే వెళ్లే బళ్లలో హీటర్ వల్ల గేర్‌బాక్స్‌కి ఒరిగేదేమీ లేదు. మీది ఏ రకమో ఓనర్స్ మాన్యువల్‌లో లేకపోతే, గేర్‌బాక్స్ నుంచి వచ్చే రెండు పైపులు ఎక్కడికి వెళ్తున్నాయో బానెట్ ఎత్తి చూడండి.